మెట్ల మీద ఆగిన పలకరింపులు

మా ఖిదిర్‌పూర్ ఓడల డాకు క్వార్టర్సులో ఒకరికి జ్వరమొస్తే లైనంతా వచ్చి మంచం మీదే కూర్చుంటుంది. చెయ్యి పట్టుకుని, నుదురు తడిమి, తమ చిన్నాన్న అదే రోగంతో ఎలా పోయాడో చెప్పిగానీ కదలరు. శ్రీకాకుళం నుంచి మావాళ్లు మోసుకొచ్చిన అలవాటది. నాకు విసుగు. అమ్మకి మాత్రం అదే ప్రాణం.

అలాంటి అమ్మకి ఒళ్లంతా బొబ్బలు లేచాయి, నోట్లో కూడా. పెంఫిగస్ అన్నారు. రోగాల నుంచి ఒంటిని కాపాడాల్సిన శక్తే సొంత చర్మం మీద తిరగబడుతుందట. అంటురోగం కాదు. స్టెరాయిడ్లకీ, వాటికి తోడిచ్చిన మాత్రలకీ లొంగలేదు. చివరికి ఆ శక్తిని అణచే మందు సెలైన్లో ఎక్కించారు. రెండు వారాలకి ఇంకో విడత. ఈలోగా చిన్న జలుబు సోకినా ప్రమాదమే, ఎవర్నీ దగ్గరికి రానివ్వొద్దంది డాక్టరమ్మ.

నాన్న గవరయ్య డాకులో క్రేను నడిపిన మనిషి, పట్టు పడితే వదలడు. కింద మెట్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లని వచ్చినట్టే వెనక్కి పంపేవాడు. అమ్మకి చెప్పొద్దన్నాడు. తెలిస్తే తనే పిలిచి కూర్చోబెట్టుకుంటుందని భయం. నేనూ తలూపాను.

రేపు రెండో విడత అనగా అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

"నాను రాను. ఆ మందొద్దు."

"ఏటయిందే?" అన్నాడు నాన్న.

"ఒక్కలైనా తొంగి సూసినారా? నానంటే అందరికీ అసయ్యం. బాగుపడి ఎవులికోసం మావా?"

నాకు ఏడుపొచ్చింది, నాన్న తెలివికీ నా తెలివికీ ఒళ్లు మండింది.

"రోజూ వొస్తన్నారమ్మా. నాన్నే రానివ్వట్లేదు."

"సాల్లే," అంది. నమ్మలేదు.

నాన్న చరచరా మెట్లు దిగి వెళ్లాడు. కాసేపటికి సందులో గోల. కిటికీ తీశాను. మా లైను కోదండం పెళ్లాం, భానుమూర్తి తల్లి, మేమంతా బౌది అని పిలిచే పక్క లైను బెంగాలీ వదిన, ఇంకా బోలెడుమంది తలలెత్తి చూస్తున్నారు.

"అప్పా," అని అక్క వరస కలిపి కేకేసింది కోదండం పెళ్లాం, "నీ మొగుడు మమ్మల్ని కుక్కల్ని తోలినట్టు తోలేస్తన్నాడు."

అమ్మ గోడ పట్టుకుంటూ కిటికీ దాకా వచ్చింది. ముఖం మీద కొంగు కప్పుకుంది. ఆపైన తనే తీసేసింది. ఆ పుళ్లన్నీ కింద అందరికీ కనిపించాయి.

"సిక్కిపోనావప్పా," అంది కోదండం పెళ్లాం. "కూడు తింతన్నావా నేదా?"

అమ్మ కళ్లు తుడుచుకుంది. తర్వాత కింద గుంపులో నాన్నని చూపుతో వెతికి పట్టుకుంది.

"ఏటి మావా, ఇన్నాల్లూ ఆల్లని టీ సుక్కైనా ఇవ్వకుండా పంపేసినావా? రేపు ఆస్పత్రినుంచి రానీ, నీ పని సెప్తాను."

నాన్న అందరి ముందూ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.