ముందు ఎవరు నడవాలి

నాన్న సంతాప సభకి వేళ మించిపోతోంది. అమ్మ మాత్రం చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడి అడుగు బయట పెట్టదు. నేను కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతున్నాను.

నాన్న సైన్యంలో మందుపాతరలు వెతికి తీసే పని చేశాడు. ఉద్యోగం వదిలినా ఆ నడక వదల్లేదు. ఇంటిల్లిపాదీ ఎక్కడికి బయల్దేరినా ఆయనే ముందు. ఆయన అడుగులో అడుగేస్తూ అన్నయ్య, నేను, చివర అమ్మ. నేల మీంచి చూపు తీయకుండా, వెనక్కి తిరక్కుండా "ఉన్నారా?" అనేవాడు. "ఉన్నాం" అనాలి మేము. వీధిలో మాకు గూడ్సుబండి అని పేరు. వదినకి నొప్పులొచ్చిన రోజు ఆసుపత్రి వరండాలో స్ట్రెచర్‌కి కూడా ముందు నడిచాడు మహానుభావుడు. నర్సు కసురుకుంటే, "మా కోడలమ్మా ఆ పిల్ల, మెల్లగా రండి" అన్నాడట.

ఆయన పోయాక అమ్మ గేటు దాటలేదు. ఇవాళ సభ పెట్టింది ఆయనతో పనిచేసినవాళ్లే, వీధి చివరి హాల్లోనే. అన్నయ్య "నా వెనకే రామ్మా" అని ఫోన్లో మాట్లాడుకుంటూ మలుపు దాకా వెళ్లిపోయాడు. తిరిగి చూస్తే అమ్మ గేటు దగ్గరే ఉంది. మొహం మాడ్చుకుని వెనక్కొచ్చాడు.

"వాడు నేల చూడట్లేదు" అంది అమ్మ.

నాకు ఒళ్లు మండింది. "రోడ్డు మీద ఏముంటుందమ్మా? మహా అయితే అరటితొక్క."

"ఏమీ ఉండదని నాకు తెలీదా? పెళ్లైన దగ్గర్నుంచీ ఆ మనిషి వీపు చూస్తూ నడిచాను. ఎదర ఖాళీగా ఉంటే కాలు పడట్లేదే."

కోపం ఎటు పోయిందో పోయింది. ఏడుపొచ్చింది. అది అమ్మకి కనబడకుండా చటుక్కున ముందుకెళ్లి వీధిలో నిలబడ్డాను. "పదండి" అన్నాను.

కాలవ మీద బండ ఒకటి ఊగుతోంది, దాన్ని తప్పించాను. పగిలిన సీసా ముక్కల్ని చెప్పుతో పక్కకి తోశాను. ఎవరి ఇంటి ముందో ఇసక కుప్ప, దాన్ని చుట్టి వెళ్లాను. ఇంతలో ఒక స్కూటర్ రొదలో వెనక చెప్పుల చప్పుడు వినపడకుండా పోయింది.

తిరిగి చూద్దామంటే కళ్లు నేల వదలడం లేదు. వెనక ఎవరూ లేరేమో, నేనొక్కదాన్నే నడుస్తున్నానేమో అని భయం. నాన్న ఈ భయంతోనే బతుకంతా నడిచాడా?

"ఉన్నారా?" అన్నాను. గొంతు నాది కానట్టుంది.

అన్నయ్య, ఫోను జేబులో పెట్టుకున్నాడు కాబోలు, "ఉన్నాం" అన్నాడు.

చిట్టచివర నుంచి అమ్మ గొంతు. "ఉన్నానులే. నేల చూసి నడు."