కొత్త పెట్టిన వసాబి

నేను ఒక దుంపను. పచ్చగా, గరుకుగా, మొసలి తోకలా ఉంటాను. పేరు వసాబి. పట్నం హోటళ్లలో ఆవపిండి ముద్దకి పచ్చ రంగు కలిపి, దానికి నా పేరు పెట్టి అమ్ముతారు. దొంగలు! అది తిని నన్నే తిన్నామని మురిసిపోయేవాళ్లు ఇంకా వింత మనుషులు.

మా అమ్మ జపాన్ నుంచి విమానంలో విశాఖపట్నం హోటలుకి వచ్చింది. వంటమేస్త్రి ఆమెను తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో దాచాడు. చన్నీళ్లతో కడుగుతూ, కావలసినంతే తురుముకుంటూ, చివరికి పిలకలున్న తలను చెత్తబుట్టలో వేశాడు. అల్లం బస్తా దింపడానికి వచ్చిన కిల్లో సుందరి దాన్ని ఏరుకుంది.

"ముక్కు అదరగొడతాది. పారే చన్నీరుంటేనే బతుకుద్ది" అని నవ్వాడు మేస్త్రి. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె మా అమ్మను తన ఊరున్న చింతపల్లి కొండెక్కించింది.

అక్కడ చలి ఉంది, చెట్ల నీడ ఉంది, వాగు ఉంది. సుందరి గులకరాళ్లతో మడి కట్టి, నీరు ఆగకుండా పారేలా కాలవ తీసింది. అమ్మ పిలకల నుంచి నేనూ, నా తోడబుట్టినవాళ్లూ లేచాం. నాకు ఎండ పడదు, నిలవ నీరు పడదు, తొందర అసలే పడదు. ఊరడానికి రెండేళ్లు తీసుకున్నాను. ఆ రెండేళ్లూ ఆమె మరిది బొంజుబాబు గట్టు మీద నిలబడి నస పెట్టాడు.

"వొదినా, ఈ గడ్డికి సేవలు సేసింది సాలు. పీకేసి కేబేజీ ఏసుకుందుం."

"ముందు కొత్త పెట్టనీ. తిని సూసి అప్పుడు తిట్టు."

ఆ ఊళ్లో ఏ కొత్త పంటనైనా పూజలు చేసే దిసారి అమ్మోరికి పెట్టేదాకా ఎవరూ నోట పెట్టరు. దాన్నే కొత్త పెట్టడం అంటారు. అంటే, తాను పెంచిన నన్ను సుందరి ఒక్కసారి కూడా రుచి చూడలేదు! చూడకుండానే, ఊరికి నచ్చకపోతే మడి పీకేసుకోమని మరిదికి మాట ఇచ్చేసింది. మనుషుల ధైర్యం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

కొత్త రోజున నన్ను పెరికి, తల కోసి తడిగుడ్డలో పెట్టి, మిగతా ఒంట్లో కొంత గరుకు రాతి మీద గుండ్రంగా తురిమింది. ఘాటు గుప్పున లేచింది! అయితే నా ఘాటు ఎక్కువసేపు నిలవదు. తురిమిన కాసేపటికే చల్లారిపోతుంది. ఆ సంగతి అక్కడ ఎవరికి తెలుసు? దిసారి తాత కొండనీ, వాగునీ, పోయిన పెద్దలందరినీ పేరుపేరునా పిలిచాడు. మధ్యలో ఒకాయన పేరు మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. దేవుళ్లందరూ తీరిగ్గా తిన్నారు. మనుషుల వంతు వచ్చేసరికి నేను చప్పిడి ముద్దనయ్యాను.

బొంజుబాబు నాలిక మీద పెట్టుకున్నాడు. "ఇదేటి వొదినా! నానబెట్టిన ముల్లంగి!"

ఊరంతా గొల్లున నవ్వింది. సుందరి కూడా నోట వేసుకుంది. ఏమీ లేదు. గునపం తీసి మరిది చేతికిచ్చింది.

అక్కడితో ఊరుకుంటే వాడు బొంజుబాబు ఎందుకవుతాడు? "సూడండర్రా, మా వొదిన పంట!" అంటూ మిగిలిన దుంపను రాతి మీద గిరగిరా రుద్ది, ఇంత ముద్ద తీసి గుటుక్కున మింగాడు.

ఈసారి పూజా లేదు, ఆలస్యమూ లేదు. నేరుగా ముక్కుల్లోకి ఎక్కి మాడు మీద కూర్చున్నాను. గునపం జారిపోయింది. కళ్లు ధారలు కట్టాయి. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఊగిపోయాడు. జనం వెనక్కి జరిగారు. దిసారి తాత పసుపు నీళ్లు చల్లి చేతులు జోడించాడు.

"ఏ తల్లివమ్మా? ఏటి కావాల నీకు?"

"అమ్మోరు కాదు తాతా!" సుందరి గంతేసింది. "నా పంట!"

నేను ఎక్కినంత వేగంగానే దిగిపోతాను. బొంజుబాబు ముక్కు తుడుచుకుని అందరి వంకా చూశాడు. "ఇంకో కూసింత రుద్దు వొదినా" అన్నాడు. ఇక ఊరు ఊరంతా రాతి చుట్టూ చేరింది. ఏడవడానికి ఒకరినొకరు తోసుకునే జాతిని అప్పుడే చూశాను.

నా ఒళ్లు అక్కడే అయిపోయింది. తలను సుందరి మళ్లీ మడిలో నాటింది. ఈ కథ చెబుతున్నది ఆ తలే. చుట్టూ నా తోడబుట్టినవాళ్లు క్షేమం. బొంజుబాబు పొద్దున్నే వచ్చి, మాకు ఎండ తగలకుండా పందిరి మీద కొమ్మలు సర్దుతున్నాడు. ప్రేమ అనుకునేరు! వచ్చే వారం వాడి బావమరుదులు వస్తున్నారట. వాళ్లకి అప్పటికప్పుడు తురిమి పెడతాడట.