గోడకు పిండిన పాలు

అత్త దుర్గమ్మ చేసిన అన్యాయం ఏమిటని ఎవరైనా అడిగి ఉంటే బాలమణి రెండు ముక్కల్లో చెప్పేది. బర్రె ఈనినప్పుడు దాని ముర్రుపాలు జున్ను వండి గల్లీ అంతా పంచింది అత్త. కోడలు కన్నప్పుడు కోడలి ముర్రుపాలు పెరటి గోడకు పిండించింది. కానీ అడిగినవాళ్ళు లేరు. మెదక్‌లో పాలు కొనేవాళ్ళు పాలు చిక్కగా ఉన్నాయా అని అడుగుతారు గానీ, పితికిన మనిషి ఏం తిన్నదని అడగరు.

ఆ ఇంట్లో మూడు బర్రెలు. కోడి కూయకముందే లేచి పేడ తీసేది, కుడితి పెట్టేది, పితికేది, గిన్నెలు తోమేది బాలమణి. క్యాన్లు సైకిలుకు తగిలించుకుని బస్టాండు దగ్గరి హోటలుకు పోసివచ్చేవాడు ఆమె మొగుడు బక్కయ్య. హోటలులో ఆయన "నా పాలు" అనేవాడు. వాకిట్లో అత్త "మా పాలు" అనేది. పొదుగు కింద రెండు పూటలా కూర్చునే మనిషి ఏమీ అనేది కాదు. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు ఆమెకు ఆకలి విపరీతంగా వేసేది. అదే నెలల్లో ఒక బర్రె కూడా చూడితో ఉంది. దానికి ఉడికించిన జొన్నలు, బెల్లం, గానుగలో మిగిలిన పిండి. బాలమణికి సగం గిన్నె అన్నం, నీళ్ళలాంటి చారు. "ఎక్కువ తింటే కడుపుల పిల్ల పెద్దగైతదే. కాన్పుల నువ్వే సస్తవ్" అనేది దుర్గమ్మ, ఎంతో మేలు చెబుతున్నట్టు. ఒకనాడు పాలగిన్నె అడుగున అంటిన మీగడ వేలితో నాకుతుంటే చూసి, "దొంగతిండి తింటే దొంగ పుడ్తది" అంది. బక్కయ్య నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఆషాఢంలో ముసురు పట్టిన వారంలో బర్రె ఈనింది, రెండు రోజులకు బాలమణి కన్నది. ఆడపిల్ల. దుడ్డె నిలబడలేక తూలుతుంటే దుర్గమ్మే దాన్ని ఎత్తుకుపోయి పొదుగుకు పట్టించింది. "మొదటి పాలు తాగకుంటే దుడ్డె బతకది" అని అందరికీ చెప్పింది. అదే నోటితో మంత్రసాని కిష్టవ్వకు, "కిష్టవ్వా, దాని పాలు పసుపుపచ్చగున్నయి, మురికి పాలు, మూడు దినాలు పిండి పారబొయ్యి" అంది. కిష్టవ్వ పిండింది. బాలమణిని పెరటి గోడకు ఎదురుగా కూర్చోబెట్టి రొమ్ము పట్టి పిండితే, పసుపు రంగు పాలు సున్నం మీద చారలుగా కారాయి. లోపల పిల్ల ఆముదం చుక్క నాకి, చక్కెర నీళ్ళలో ముంచిన గుడ్డపేలిక చీకి ఏడుస్తోంది. ఆ మూడు రోజులూ బాలింతకు గుక్కెడు వేడినీళ్ళు, ఆ తర్వాత ఎల్లిగడ్డ కారంతో పిడికెడు అన్నం. పప్పు పడదు. కూర పడదు. పాలు అసలే పడవు, పిల్లకు చీము పడుతుందట.

నాలుగో రోజు పిల్లను రొమ్ముకు ఇచ్చారు. అప్పటికే దానికి చీకే సత్తువ లేదు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆరో రోజు కిష్టవ్వ వచ్చి, చిన్న గిన్నెలోకి బాలమణి పాలు పిండించి, గోడ మీది గండుచీమను ఒకదాన్ని పట్టి అందులో వేసింది. చీమ కాసేపు కొట్టుకుని చచ్చింది. "ఇసం పాలు. ఇగ ఇయ్యకుండ్రి" అని తేల్చింది కిష్టవ్వ. పిల్లకు నీళ్ళు కలిపిన బర్రెపాలు పేలికతో పిండారు. పదకొండో రోజు పొద్దున పోయింది. ఇరవై ఒకటో రోజున పెడదామనుకున్న పేరు పెట్టనే లేదు. "నీ పాలే దాన్ని తిన్నయి" అంది దుర్గమ్మ. బాలమణి నమ్మింది. నమ్మకుండా ఎట్లా ఉంటుంది, కళ్ళ ముందే చీమ చచ్చింది గదా.

పిల్ల పోయిన సంగతి రొమ్ములకు ఎవరూ చెప్పలేదు. పితకడానికి కూర్చుని మొదటి ధార చెంబులో చుయ్యిమనగానే లోపలి గదిలో పిల్ల ఏడ్చేది, రవికె తడిసిపోయేది. లేచి చూస్తే గదిలో ఎవరూ లేరు. నెల గడిచాక పాలు ఎండాయి, ఏడుపు ఎండలేదు. బర్రె పొదుగు నిమురుతుంటే ఏడుపు. గిన్నె బోర్లిస్తే ఏడుపు. గోడకు రెండుసార్లు సున్నం కొట్టింది, పసుపు చారలు పైకి తేలినట్టే కనిపించేవి. మొగుడికి చెబితే, "బర్రెలకు గడ్డి వేసినవా?" అన్నాడు.

రెండేళ్ళకు మళ్ళీ కడుపు. ఈసారి దుర్గమ్మ ముందే తీర్పు చెప్పింది. "దీని ఇసం పాలు ఒక్క చుక్క గుడ తాగనియ్య. పుట్టిన కాన్నుంచి బర్రెపాలే." ఆ మాట విన్ననాటి నుంచి కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా బాలమణికి చెమట పట్టేది. ఇది కూడా పోతుంది. తన రొమ్ము తగిలినా పోతుంది, తగలకపోయినా పోతుంది. ఎటు చూసినా పోతుంది.

పక్కింటి తాజ్ బీ ఒక్కతే ఆమెను పట్టించుకున్నది. కుట్టుమిషను మీద బతికే మనిషి, ముగ్గురు పిల్లల తల్లి. బాదం, నెయ్యి, బెల్లం వేసి కాచిన హరీరా గిన్నెలో పోసి పిట్టగోడ మీద పెట్టేది. "తాగు బాలమణీ, జర జల్దీ. మీ అత్త జూస్తే నా గిన్నె గుడ పలగ్గొడ్తది."

"గివన్ని బాలింతలకు గదా, నేనింకా కనలే."

"కన్నంక మీ ఇంట్ల ఏం బెడ్తరో నాకెర్క లేదా? ముందుగాలనే తిని దాసిపెట్టుకో. మాకైతే నలబై దినాలు కూసోబెట్టి తినిపిస్తరమ్మా. తిని తిని నేనే బర్రెనైన."

పిడకల గూటి చాటున నిలబడి గటగటా తాగేది బాలమణి. నోట్లో నెయ్యి కరుగుతుంటే చిన్నపిల్లలా ఏడుపొచ్చేది.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున చెంబు అంచు మీద పాకుతున్న చీమ నురుగులో పడింది. కొట్టుకుంది, ఆగిపోయింది. బాలమణి పొదుగు వదిలేసింది. నేల మీద ఇంకో చీమను పట్టి వేసింది. చచ్చింది. మూడోదాన్ని వేసింది. చచ్చింది. అప్పుడు గుర్తుకొచ్చింది. పెరటి గోడ మీద తన పాలు ఎండిన చోటికి చీమలు బారులు కట్టి వచ్చేవి. వచ్చినవన్నీ తిని వెళ్ళాయి. ఒక్కటీ చావలేదు.

క్యాను కోసం వచ్చిన బక్కయ్యకు చెంబు చూపించింది. "చూడు. బర్రెపాలల్ల చీమ సచ్చింది."

"పాలల్లేస్తే సావకుంట ఈతగొడ్తదా?" అని నవ్వాడు బక్కయ్య, చీమలను వేలితో తీసి పారేస్తూ.

"మరి నా పాలల్ల సచ్చిన్నాడు గీ మాట ఎందుకనకపోతివి?"

నవ్వు ఆగింది. చెంబు అందుకుని క్యానులో వంపుకున్నాడు. "గది ఆడోళ్ళ ముచ్చట. నాకేమెరుక?" సైకిలు ఎక్కుతూ వెనక్కి తిరిగి, "గట్టిగ అనకు. హోటల్ల ఇన్నరంటే గిరాకి పోతది" అన్నాడు.

ఎవరికీ తెలియక కాదని ఆమెకు ఆ నిమిషంలో అర్థమైంది. చీమకు ఈత రాదని తన మొగుడికి తెలుసు. తెలిసీ పిల్ల పోయేదాకా వాకిట్లో బీడీ తాగుతూ కూర్చున్నాడు.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం నొప్పులు వచ్చాయి. పొద్దు వాలకముందే బిడ్డ పడింది. మళ్ళీ ఆడపిల్లే. కిష్టవ్వ బొడ్డు కోసి, నీళ్ళ కోసం బయటికి పోయింది. దుర్గమ్మ ఆముదం సీసా వెతుకుతోంది. బాలమణి మోచేతుల మీద లేచి తడితడిగా ఉన్న బిడ్డను ఎదకు లాక్కుంది. అది రెండుసార్లు తల అటూ ఇటూ తిప్పి పట్టుకుంది. ఆ పట్టుకు బాలమణికి అరికాళ్ళ దాకా ఝల్లుమంది.

"ఏందే, పాడుదానా, ఇడువు! ఇసం తాగిస్తున్నవా?" దుర్గమ్మ సీసాతో సహా పరుగెత్తుకొచ్చింది.

"పిండనియ్య అత్తా. చెయ్యి పెడితే కొరుకుతా." గొంతు తనదేనా అనిపించింది. "దుడ్డెకు పట్టించినవు గదా. ఇది దుడ్డె కన్న తక్కువనా?"

కిష్టవ్వ గడపలోనే ఆగి, "నా మాట ఇననోళ్ళ ఇంట్ల నాకేం పని" అని గొణుగుతూ వెళ్ళిపోయింది. బక్కయ్య లోపలికి రాలేదు. మూడు రోజులు బాలమణి బిడ్డను పక్కలోంచి కదలనివ్వలేదు. కారం అన్నం తెస్తే పక్కకు జరిపింది. "పప్పు బెట్టు. పొద్దుటి పాలల్ల శేరు ఇంట్లనే ఉంచు. నేను తాగుత" అంది. మొదటి రోజు తిట్లు వచ్చాయి. రెండో రోజు పప్పు వచ్చింది.

మూడో రోజు దుర్గమ్మ పాలగిన్నెతో వచ్చి గడప మీద కూర్చుంది. బిడ్డ చప్పుడు చేస్తూ తాగుతోంది. దాని బుగ్గలు కదలడాన్ని అత్త రెప్ప వేయకుండా చూసింది. తర్వాత, ఎవరితోనో అన్నట్టు, వేళ్ళు ఒక్కొక్కటే ముడుస్తూ మొదలుపెట్టింది.

"నాయి గుడ మా అత్త గోడకే పిండించింది. పెద్దది ఐదు దినాలున్నది. తర్వాతోడు తొమ్మిది. దాని తర్వాతది నెల దాటింది, గదే బతుకుతదనుకున్న. నాలుగోడు కండ్లు గుడ తెరవలే. ఐదోడు నీ మొగడు. గప్పటికి మా అత్త సచ్చి పది దినాలు, మైల ఇంట్లకు మంత్రసాని గుడ రాలే. పిండెటోళ్ళు ఎవ్వరు లేకుండిరి, పుట్టంగనే నేనే రొమ్ముకు..."

మాట అక్కడ తెగింది. బొటనవేలు ముడవబోతున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది. దుర్గమ్మ ముడిచిన నాలుగు వేళ్ళను చూసుకుంటూ అంది.

"నలుగురు."