ఫ్రిజ్ మెకానిక్ కట్టిన కోళ్ళగూడు

మా ఆయన ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. తలుపు గట్టిగా పడితే చాలు, ఆ వస్తువుకిక ఏ లోటూ లేదని ఆయన లెక్క. అలాంటి మనిషికి కోళ్ళగూడు పని అప్పగించాను. బుద్ధి తక్కువ నాదే.

పక్కింటి నర్సమ్మగారు ఆస్పత్రి ఉద్యోగం మానేసి చాలాకాలమైంది. రెండు వీధుల అవతల, నాలుగో అంతస్తులో ఉన్న చెల్లెలి ఫ్లాటుకు సోమవారం మకాం మారుస్తున్నారు. అక్కడ కోళ్ళను ఒప్పుకోరు. ఉన్న నాలుగింటినీ నాకిస్తానన్నారు, కానీ ఒక షరతు పెట్టారు. ఆదివారం లోగా గూడు ఆవిడకు నచ్చాలి.

"లేకపోతే మాంసం కొట్టతను వస్తాడు. మాట ఇచ్చేశాను," అన్నారు, మొహంలో ఏ మార్పూ లేకుండా.

నాకా కోళ్ళు కావాలి. మేమెప్పుడూ కోళ్ళను పెంచలేదు గానీ, ఎనిమిదేళ్ళుగా గోడవతల వాటి కొక్కొక్కోలు వింటూనే కుట్టుమిషను తొక్కుతున్నాను. ఆ సందడి ఆగిపోతుందంటే దిగులేసింది.

మా ఆయన పాత కరెంటు బిల్లు వెనక బొమ్మ గీశాడు. "ముందు శత్రువులెవరో చెప్పు," అన్నాడు. కుక్క, పిల్లి, ముంగిస, ఎలుక, పాము అన్నాను. ఒక్కొక్కదానికీ జవాబు రాసుకున్నాడు. గూటి ముందు కోళ్ళు తిరగడానికి జాలీ కట్టిన చోటుండాలి. కుక్క తవ్వకుండా ఆ జాలీని అడుగు లోతున పాతి బయటికి మడవాలి. కన్నాలు అరంగుళం మించకూడదు. పిల్లి పంజాకు ఊడకుండా గడియకు కొక్కెం కూడా ఉండాలి. వాననీళ్ళు చేరకుండా గూడు ఇటుకల మీద మోకాలెత్తున నిలవాలి, రేకు కప్పు వాలుగా ఉండి చూరు జానెడు బయటికి రావాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఆయన వృత్తి అడ్డొచ్చింది. గూటి చెక్కల మధ్య సందులన్నీ లప్పంతో పూడ్చాడు. తలుపు చుట్టూ పాత ఫ్రిజ్ రబ్బరు బిగించాడు.

"ఇక చీమ కూడా దూరదు," అన్నాడు.

"గాలి మాటేమిటండీ?"

"గాలెందుకు? చలికాలంలో వణికి చస్తాయి."

శుక్రవారం నర్సమ్మగారు వచ్చారు. తలుపు రెండుసార్లు తీసి వేసి చూశారు. "బాబూ, నువ్వోసారి లోపల కూర్చో," అన్నారు. పెద్దావిడ మాట కాదనలేక మా ఆయన ముడుచుకుని దూరాడు. ఆవిడ తలుపు వేసి, రోగి నాడి చూస్తున్నట్టు వాచీ చూస్తూ నిలబడ్డారు. ఐదు నిమిషాలకే లోపలినుంచి తట్టాడు. కళ్ళజోడు మసకబారిపోయి, చొక్కా తడిసి ముద్దయి బయటపడ్డాడు.

"వాటి ఊపిరి, రెట్టల తడి ఎటు పోతాయి?" అన్నారావిడ. "కోళ్ళు చలికి ఓర్చుకుంటాయి, చెమ్మకి ఓర్చుకోవు. గాలి వాటి తలపైనుంచి పోవాలి, ఒంటికి తగలకూడదు."

మా ఆయన మొహం మాడిపోయింది. ఫ్రిజ్‌లో చెమ్మ ఎందుకు పడుతుందో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పే మనిషాయన.

శనివారమంతా రంపం మోత. చూరు కింద రెండువైపులా పొడవాటి కిటికీలు కోసి జాలీ కొట్టాడు. కోళ్ళు కూర్చునే కర్రను ఆ కిటికీలకు బాగా కిందికి దించాడు. రబ్బరు ఊడదీస్తున్నప్పుడు మాత్రం ఆయన మొహం చూడలేక లోపలికెళ్ళిపోయాను.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ మళ్ళీ వచ్చారు. గడియ లాగారు, జాలీని కాలితో తన్ని చూశారు. కప్పు మీద బకెట్ల కొద్దీ నీళ్ళు పోయించి, లోపల అరచేత్తో తడిమారు. అంతా పొడిగానే ఉంది. అయినా మళ్ళీ గడియ దగ్గరికే వచ్చారు. మూడోసారి చుట్టూ తిరగడం మొదలుపెట్టేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఇంకా ఏం తప్పుందండీ? ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆ ముక్క చెప్పేయండి," అనేశాను.

ఆవిడ మిగిలిన ఇటుకల మీద కూర్చున్నారు. "ఇష్టం లేదమ్మా," అన్నారు. "మాంసం కొట్టతనికి చెప్పానన్నదీ అబద్ధమే. ఏదో ఒక తప్పు దొరికితే మకాం మార్చడం ఇంకో వారం వాయిదా వేద్దామనుకున్నా. ఒక్కటీ దొరకలేదు."

నా తల కొట్టేసినట్టయింది. మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు.

"ఒక తప్పుందండీ," అన్నాను. "పొద్దున్నే తలుపు తీసే దిక్కు లేదు. నేను ఎనిమిదింటిదాకా లేవను. ఈయన నాకంటే ఘనుడు."

ఇందులో కల్పించి చెప్పిందేమీ లేదు.

నర్సమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. "ఎనిమిదేంటమ్మా? ఐదున్నరకల్లా తీయాలి. ఆలస్యమైతే లోపల ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి," అని కసిరారు.

"అందుకే చెప్తున్నా. మావల్ల కాదు."

ఆవిడ లేచి చీర దులుపుకున్నారు.

"మీ గేటుకి రాత్రి తాళం వేస్తారా?" అని అడిగారు.

మా ఆయన తన గుత్తిలోంచి గేటు తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని కొంగుకు ముడేసుకుని, కోళ్ళను తేవడానికి వెళ్ళారు.