లోపలి పిడి లేని తలుపు

మూడో చలిగది తలుపును లోపలి నుంచి ఎవరో బాదుతున్నారు.

పండ్ల గోదాము నడవాలో వస్తున్న మెకానిక్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ తలుపుకు లోపలి వైపు పిడి లేదు. ఆ సంగతి తెలిసింది అతనొక్కడికే, ఎందుకంటే నిన్న దాన్ని ఊడదీసింది అతనే. పరుగున వెళ్లి గొళ్లెం లాగాడు. తెల్లటి చలిపొగలోంచి పెట్టెలు మోసే కూలీ ఒకడు తూలుతూ వచ్చి అతని భుజం మీద వాలాడు.

ఆ కూలీ అతని బావ. సొంత అక్క మొగుడు.

"వచ్చావా బామ్మర్దీ," అన్నాడు బావ, పళ్లు టకటకలాడుతుంటే. "ఇంకాస్త ఆలస్యమైతే నన్నూ ఆపిల్ పండ్లతో కలిపి లారీ ఎక్కించేవాళ్లు."

క్యాంటీన్‌లో బావకు దుప్పటి కప్పి వేడి టీ పట్టించారు. అక్క ప్యాకింగ్ హాల్లోంచి గ్లౌజులైనా తీయకుండా పరుగెత్తుకొచ్చింది. మొగుడి చేతులు రుద్దుతూ తిట్లు లంకించుకుంది.

"ఇంట్లో ఫ్యాను కాస్త పెంచితే గోల చేస్తావే! ఇక్కడ చల్లగా కాపురం పెట్టావా?" కళ్ల నిండా నీళ్లు. తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు తీయకపోతే ఏమైపోయేవాడురా!"

మెకానిక్ తల దించుకున్నాడు. పిడి సంగతి ఒక్కటే అయితే ఎలాగో ఓర్చుకునేవాడు. ఇంకోటి ఉంది. అక్క ఎదురుగా ఉండగా దాన్ని తలుచుకోవడానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు.

ఇంతలో మేనేజరు వచ్చి బావ మీద విరుచుకుపడ్డాడు. "లోపలి పిడి ఏదయ్యా? పీకి పారేశావా? పోయిన నెల ట్రాలీ చక్రం విరగ్గొట్టావు. ఇప్పుడు ఇది. ఈ షిఫ్టే నీకు ఆఖరు."

బావ దుప్పటి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. మేనేజరు విసవిసా వెళ్లిపోయాడు. "సార్, సార్," అంటూ అక్క వెంటపడింది.

"పిడి నేను పీకలేదని చెప్పొచ్చుగా బావా," అన్నాడు మెకానిక్.

"చెబితే, మరెవరు అంటాడు. చీకట్లో తడిమి చూశానురా. స్క్రూలు పొందిగ్గా విప్పి ఉన్నాయి. కూలివాడు పీకితే అలా ఉంటుందా? తలుపు తీసేది నువ్వు కాకపోతే బాగుండు అనుకున్నా."

"ఎందుకు?"

"నీ మొహం చూస్తే తెలిసిపోతుంది కదా. తెలిసిపోయింది."

మెకానిక్ టీ గ్లాసు బావ వైపు జరిపాడు. "లోపల... భయమేసిందా?"

"మొదట్లో పిచ్చెక్కింది. తలుపును తన్నా. నిన్ను తిట్టా, మీ వంశాన్నంతా తిట్టా. కాసేపటికి నా దగ్గర తిట్లు అయిపోయాయి. అప్పుడు కీర్తన అందుకున్నా."

రోజూ పనికి బయల్దేరే ముందు, ముగ్గురూ ఉండే ఆ ఇంట్లో ప్రార్థనగా ఒక కీర్తన చెప్పుకుంటారు. మొదటి పాదం బావది. బదులు పాదం బామ్మర్దిది.

"ముందు పాదం చెప్పి, అలవాటు కొద్దీ నీ కోసం ఆగాను. నువ్వు లేవు. ఆ ఆగిన చోట..." బావ మాట కోసం వెతుక్కున్నాడు. "గది పెద్దదైపోయిందిరా. గోడలు అక్కడే ఉన్నాయి, పెట్టెలు అక్కడే ఉన్నాయి. నాకు మాత్రం ఖాళీ మైదానం మధ్యలో కూర్చున్నట్టుంది. భుజాల మీది బరువు ఎవరో దించేసినట్టుంది. ఎవరొస్తారో అన్న బెంగ కూడా పోయింది. ఒళ్లు బిగుసుకోకుండా అటూ ఇటూ నడుస్తూ, మధ్యమధ్య తలుపు కొడుతూ ఉన్నా. అంతే."

మెకానిక్ కిటికీలోంచి బయటకు చూశాడు. లారీలు తిరిగే పెద్ద ఆవరణ, దాని మీద బోలెడంత ఆకాశం. అతనికి మాత్రం ఊపిరి ఆడటం లేదు. చొక్కా పై గుండీ విప్పుకున్నా ఆడలేదు.

"నా మీద కోపం లేదా?"

"లోపలే వదిలేసి వచ్చా. కావాలంటే వెళ్లి తెచ్చుకో, చెడిపోకుండా ఉంటుంది." బావ నవ్వాడు. "నాకు ఇంకో పని దొరక్కపోదు. ఇది మీ అక్కకు తెలిస్తే మాత్రం మా ఇంట్లో నీకు చోటుండదు. వదిలెయ్. కీర్తనలో నీ పాదం బాకీ పడ్డావు, చెప్పు. ఇదిగో నా పాదం: ఇరుకులో పడి నిన్ను పిలిచాను..."

విశాలమైన చోట నన్ను నిలిపావు. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన బదులు పాదం. పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. బావ తనకు తెలిసినంత వరకే క్షమించాడు. తెలియనిది అలాగే మిగిలి ఉంది.

మెకానిక్ లేచి నేరుగా మేనేజరు గదిలోకి నడిచాడు. అక్క అక్కడే నిలబడి బతిమాలుతోంది. దుప్పటి ఈడ్చుకుంటూ బావ వెనకే వచ్చాడు.

"సార్, పిడి తీసింది నేను. ఒకటో గది పిడి బిగిస్తుంటే నా చేతిలో విరిగింది. మీరు చీవాట్లు పెడతారని మూడో గదిది విప్పి దానికి పెట్టా. ఇది బావకు తెలుసు. తెలియనిది ఇంకోటుంది. అక్కా, నువ్వూ విను. పొద్దున మీరూ నేనూ నడవాలో మాట్లాడుకుంటున్నాం కదా సార్, అప్పుడు బావ ఆ గదిలోకి వెళ్లడం నేను చూశా. ఆగు బావా, లోపల పిడి లేదు అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. పక్కన మీరున్నారని నోరు నొక్కుకున్నా. తలుపుకు చెక్క అడ్డం పెట్టాడుగా, వచ్చేస్తాడులే అని నాకు నేనే చెప్పుకున్నా. ఆ చెక్క ఎప్పుడు జారి గొళ్లెం దానంతటదే పడిందో తెలియదు. మీరు వెళ్లాక కూడా నేను వెనక్కి వెళ్లి చూడలేదు. తర్వాత ఆ తలుపు దగ్గరికి వచ్చింది కూడా నీ కోసం కాదు బావా, ఎవరి కంటా పడకుండా కొత్త పిడి బిగిద్దామని."