పప్పుమూట పడిన కాలు

పట్నంలో చూలై పేటలో గోనెసంచుల వ్యాపారం చేసే భక్తవత్సలానికి కూతురు తాయారు మిలిటరీ ఆసుపత్రిలో నర్సుగా చేరటం ఒక తలనొప్పి, అది నిటారుగా నడవటం ఇంకో తలనొప్పి. "తల దించుకోని నడువు పాపా, నలుగురూ చూస్తా ఉండారు" అని చిన్నప్పటినించీ మొత్తుకుంటానే ఉన్నాడు. ఏం లాభం? బంగ్లాదేశ్ యుద్ధం అయినాక సెలవుకొచ్చిన పిల్ల ఇంకా నిటారుగా తయారై వచ్చింది.

మిలిటరీ పిల్లను మిలిటరీవాడే చేసుకుంటాడని తెగ ఆలోచించి, ఎన్నూరులో ఒక సంబంధం పట్టాడు మహానుభావుడు. పిల్లోడు కుప్పుసామి, హవల్దారు. తన కూతురు కెప్టెన్ అని తెలుసుగానీ, అది ఆసుపత్రిలో నర్సులను ముద్దుగా పిలిచే పేరనుకున్నాడు. హవల్దారంటే మాత్రం ఆయన చెవికి గంభీరంగా వినిపించింది.

పిల్లోడి తల్లి పొన్నమ్మది ఒకటే షరతు: పెళ్ళికి ముందే పిల్ల ఉద్యోగం మానెయ్యాల. "మా ఇంటికి మిలిటరీ ఒకరు చాలన్నా!" అంది. భక్తవత్సలం సంబరంగా ఒప్పుకున్నాడు. "నేను మానను నైనా" అని తాయారు ఎంత మొత్తుకున్నా వింటేగా! "మాటిచ్చేసినా, గమ్మునుండు" అన్నాడు.

పెళ్ళిచూపులకు పొన్నమ్మ కొడుకును యూనిఫారంలోనే తీసుకొచ్చింది. "యుద్ధంలో కాలికి దెబ్బ తగిలినా వెనకడుగు వెయ్యలేదు మావాడు!" అంటే, పక్కింటి ధర్మలింగం ఉప్మా నములుతూ "అబ్బా!" అన్నాడు. తన కాలికే దెబ్బ తగిలినట్టు భక్తవత్సలం పొంగిపోయాడు.

"తల దించుకోని రా పాపా!" అని లోపలికి కేకేశాడు.

పట్టుచీర, తలనిండా మల్లెపూలు, చేతుల్లో కాఫీ పళ్ళెం. కుప్పుసామి సిగ్గుపడుతూ చీర మీదినించి ముఖం దాకా చూశాడు. అంతే! కుర్చీ వెనక్కి పడింది. మడమలు టప్పున కలిశాయి. చెయ్యి నుదుటికి ఎగిరింది.

"జైహింద్ మేడం!"

"కూర్చోరా, పరువు తీస్తా ఉండావు!" పొన్నమ్మ చొక్కా పట్టి లాగింది.

"ఈమె కెప్టెనమ్మా. ఆఫీసరు చెప్పకుండా ఎట్టా కూర్చునేది?"

తాయారు పళ్ళెం బల్లమీద పెట్టింది. "కూర్చో కుప్పుసామీ. స్టోర్సులో పప్పుమూట పడిందే, ఆ కాలు ఇప్పుడెట్టుంది?"

"బాగుంది మేడం. మీరు చూసినందుకే మేడం."

ధర్మలింగానికి ఉప్మా గొంతులో అడ్డం పడింది.

పొన్నమ్మ ముఖం కందగడ్డైంది. "మొగుడు పెళ్ళానికి సలాం కొట్టేదా! అన్నా, మాటిచ్చినావు. రేపే రాజీనామా ఇప్పించు. ఉద్యోగం పోతే సలామూ పోతుంది!"

అందరూ భక్తవత్సలం వైపు చూశారు. అమ్మకపుపన్ను ఆఫీసు బంట్రోతు అంగడికొచ్చినా లేచి నిలబడే బతుకు ఆయనది. తన ఇంటి మనిషిని చూసి ఒకడు లేచి నిలబడటం ఇదే మొదలు. ఆయన పొన్నమ్మ వైపు తిరిగాడు.

"ఆ మాట వెనక్కి తీసుకుంటా ఉండా చెల్లెమ్మా. కాఫీ తాగి బయల్దేరండి."

సెలవైపోయి, సెంట్రల్ స్టేషన్లో రైలెక్కేముందు తాయారు తండ్రి కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది. ఆయన గబుక్కున భుజాలు పట్టుకుని లేపాడు.

"యూనిఫారంలో వంగబాకు పాపా. నలుగురూ చూస్తా ఉండారు."