మూత పెట్టవే, పొంగుతోంది

పొద్దున్నే కూతురు తలకి వల టోపీ తగిలించుకునే వేళకి తల్లి పొయ్యి మీద కుండ పెట్టేది. కూతురిది గింజల కంపెనీ షెడ్డులో లేబుళ్లు అంటించే పని. ఒకటే గొట్టంలోంచి ఒకటే చిక్కుడు గింజలు రాలతాయి. సంచుల మీద మాత్రం పదకొండు పేర్లు. పచ్చ సంచి 'తాతగారి తోట', ఎర్ర సంచి 'అమ్మ చేతి కమ్మదనం'. ఏది మంచిదో తేలక జనం కొట్లో అరగంట నిలబడతారు.

కుండలో నీళ్లు మరిగేసరికి తండ్రి మాట్లాడేవాడు.

"మూత పెట్టవే, పొంగుతోంది. ఉప్పు మరిచావు మళ్లీ."

ఆయన పోయి రెండేళ్లయింది. గింజ ఉడికితే, ఏళ్ల తరబడి ఆ విత్తనం ఏరి దాచినవాళ్ల గొంతు వినిపించడం ఆ ఊళ్లో ఆవిరి వచ్చినంత మామూలు. (నా వంటింట్లో ఎవరి గింజ వండినా ఒకటే మాట: "మాడుతోందిరా!") ముప్పై ఏళ్లు పెరట్లో పండించి, ఏరి, సీసాకెత్తినవాడాయన. అంతకు ముందు ఆ గింజల్లో వాళ్లమ్మ గొంతుండేది, కోడలి వంటకి వంకలు పెడుతూ.

గోడ అవతలనుంచి దర్జీ అడిగాడు. "ఏం వదినా, అన్నయ్య గొంతు బొంగురుపోయిందేం?"

"నీళ్లెక్కువ పోశానయ్యా."

సీసాలో గుప్పెడు గింజలు మిగిలాయి.

"నాటుదామమ్మా," అంది కూతురు.

"నువ్వు నాటి ఏరితే పోనుపోను నీ గొంతొస్తుంది. రోజూ వింటున్నది చాలదూ? ఆదివారం వండుతా. ఆఖరిసారి తిట్టించుకుంటా."

పెరడు కంపెనీకి కౌలుకిస్తే కూతురి ఉద్యోగం ఖాయం. కాగితం బల్ల మీదే ఉంది, తల్లి సంతకం ఒక్కటే తరువాయి. అదీ ఆదివారం తర్వాతే అంది.

శుక్రవారం షెడ్డుకి కొత్త పంట వచ్చింది. మధ్యాహ్నం ఆడవాళ్లు చిరిగిన సంచిలోవి కాసిని ఉడకేశారు. కంపెనీ గింజలు అంతవరకూ మూగవి. ఆ రోజు కుండ పలికింది.

"మూత పెట్టండి, పొంగుతోంది."

నాన్న గొంతు. కూతురి చేతిలో లేబులు వేలికే అంటుకుపోయింది.

"ఎంత మర్యాదగా చెబుతున్నాడో!" అంది పక్కనున్నావిడ. "మా ఇంట్లోనూ ఉన్నాడొకడు, దేనికీ?"

కూతురికి గుర్తొచ్చింది. అయిదేళ్ల కిందట, బూట్లకి మట్టంటని మనిషొకడు వచ్చి నమూనాకి గింజలడిగాడు. నాన్న మేలైనవి ఏరి, తన తువ్వాల్లోనే మూటకట్టి ఇచ్చాడు. డబ్బివ్వబోతే చేతులు జోడించాడు. "విత్తనం అమ్మితే మొలవదు బాబూ." ఇప్పుడు సంచి వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉంది: ఈ విత్తనం కంపెనీ సొంతం, అనుమతి లేకుండా నాటడం నేరం.

అయినా ఒక సంచి కొని ఇంటికి పరిగెత్తింది. అమ్మకి ఇక ఆయన గొంతు అయిపోదు కదా!

తల్లి ఆ సంచి గింజలకి ఎసరు పెట్టి, కావాలనే ఉప్పెయ్యకుండా పొయ్యి ముందు కూర్చుంది.

"మూత పెట్టండి, పొంగుతోంది."

మూత పెట్టింది. "మూత పెట్టండి, పొంగుతోంది."

"ఏమండీ, ఉప్పెయ్యలేదు," అని తనే చెప్పింది, చిన్నగా.

"మూత పెట్టండి, పొంగుతోంది."

ఆవిడ పొయ్యి ఆర్పింది.

"ఆయనేనే," అంది. "నేనెవరో తెలీదు ఆయనకి."

లేచి, బల్ల మీది కౌలు కాగితాన్ని పొట్లం చుట్టింది. సీసాలోని గుప్పెడూ అందులోకి వంపి కూతురికిచ్చింది.

"పద. నీ గొంతే విందాం."

"దొంగతనం అంటారమ్మా. నా ఉద్యోగం కూడా..."

"మీ నాన్న గింజ, మీ నాన్న మట్టి. ఎవడిదే దొంగతనం?"

పొద్దు వాలకుండా నాటారు. తల్లి ఒక్కో గింజనీ అరచేతిలో కాసేపుంచుకుని గానీ మట్టిలో వెయ్యలేదు.

సోమవారం షెడ్డువాళ్లు కూతురి దగ్గర వల టోపీ తిరిగి తీసేసుకున్నారు. వారం తిరిగేసరికి వీధి వీధంతా కొత్త గింజలే. దర్జీ ఇంట్లో ఒకసారి, ఎదురింట్లో ఒకసారి, ఆయన అందరికీ మర్యాదగా చెబుతున్నాడు. "మూత పెట్టండి, పొంగుతోంది."

పెరటి గుమ్మంలో కూర్చుని, ఇంకా మొలకెత్తని మట్టికేసి చూస్తున్న తల్లి, వినపడ్డ ప్రతిసారీ లేచి లోపలికెళ్లేది. ఖాళీ కుండ మీద మూత సరిగ్గా పెట్టి వచ్చేది.